ఆర్మ్ స్టాండ్ స్టీరియో మైక్రోస్కోప్: సోల్డరింగ్‌కి ఏది కొనాలి, ఎలా నిలబెట్టాలి

తిరుపతి గాంధీరోడ్డులో అయినా చిత్తూరులో అయినా ఫోన్ బోర్డు మీద పని చేసే కౌంటర్‌లో మైక్రోస్కోప్ లేకపోతే ఇప్పుడు పూట గడవదు. రేణిగుంట టీవీ, మొబైల్ కర్మాగారాల్లో, శ్రీసిటీ లైన్లలో రీవర్క్ (తప్పిన బోర్డుల్ని సరిచేసే) బల్లల దగ్గరా అదే పరిస్థితి. కొనడానికి తిరుపతి వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కి, చిత్తూరు వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్తారు, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. ఎక్కడ కొన్నా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎన్ని ఎక్స్? డబ్బులు పోయేది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే. సోల్డరింగ్‌కి ముందుగా చూసుకోవాల్సినవి మూడు: లెన్సుకీ బోర్డుకీ మధ్య ఎంత ఖాళీ ఉంది, ఒక్క చూపులో ఎంత బోర్డు కనిపిస్తుంది, మైక్రోస్కోప్‌ని మోసే ఆర్మ్ ఎంత నిలకడగా ఉంది. ఎన్ని రెట్లు అన్నది వీటి తర్వాత.

మార్కెట్లో ఎక్కువగా దొరికే తల, అంటే మైక్రోస్కోప్ లెన్సులుండే భాగం, 0.7 నుంచి 4.5 దాకా జూమ్ అవుతుంది. పైన కన్ను ఆనించే 10 రెట్ల ఐపీస్ ఉంటుంది కాబట్టి మొత్తం 7 నుంచి 45 రెట్లు. ప్రకటనలో ‘3.5 నుంచి 90’ అని కనిపిస్తే అది వేరే సరుకేమీ కాదు. అదే తలకి కింద బిగించే రెండు అదనపు లెన్సులు ఇస్తున్నారని అర్థం. 0.5ఎక్స్ లెన్స్ బిగిస్తే అటు చివర 3.5, 2ఎక్స్ బిగిస్తే ఇటు చివర 90. రెండూ ఒకేసారి ఉండవు. పైగా 2ఎక్స్ బిగించాక లెన్సుకీ బోర్డుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు మాత్రమే మిగులుతుంది. అందులోకి సోల్డరింగ్ ఐరన్ దూరదు. చూడటానికి తప్ప సోల్డరింగ్‌కి అది పనికిరాదు.

అదనపు లెన్స్ ఏదీ లేకుండా ఈ తలకి వర్కింగ్ డిస్టెన్స్ (లెన్సుకీ బోర్డుకీ మధ్య ఖాళీ) సుమారు 10 సెంటీమీటర్లు. ఐరన్ ఏటవాలుగా వస్తుంది, ఎదురు చేతిలో ట్వీజర్ ఉంటుంది, ఒక్కోసారి హాట్ ఎయిర్ నాజిల్ కూడా రావాలి. 10 సెంటీమీటర్లలో ఇవన్నీ ఇరుక్కుంటాయి. వేడి గాలి బోర్డుకి తగిలి పైకి లేచి, లెన్స్ చుట్టూ ఉండే రింగ్ లైట్ ప్లాస్టిక్‌ని, లెన్స్ అంచుని కాలుస్తుంది. 0.5ఎక్స్ లెన్స్ బిగిస్తే ఖాళీ సుమారు 16 నుంచి 20 సెంటీమీటర్లకి పెరుగుతుంది, రెట్లు 3.5 నుంచి 22.5 దాకా వస్తాయి. సోల్డరింగ్‌కి ఇంతకన్నా అనువైన అమరిక లేదని మా గట్టి అభిప్రాయం. ఈ లెన్సుల మర సాధారణంగా ఎం48, పిచ్ 0.75 మిల్లీమీటర్లు. తల కింద మర అదేనో కాదో చూసుకునే లెన్స్ కొనాలి.

కనిపించే వెడల్పు లెక్క చాలా సులువు. ఐపీస్ మీద ‘10ఎక్స్/20’ అని ఉంటుంది. ఆ 20ని కింది రెట్లతో (ఐపీస్ కలపని జూమ్ అంకెతో) భాగిస్తే ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు కనిపిస్తుందో వస్తుంది. 0.7 దగ్గర 28.6 మిల్లీమీటర్లు, 4.5 దగ్గర 4.4 మిల్లీమీటర్లు. 0.5ఎక్స్ లెన్స్ బిగిస్తే అవి 57, 8.9 అవుతాయి. మొత్తం 45 రెట్ల దగ్గర 4.4 మిల్లీమీటర్ల వృత్తంలో ఏం పడుతుందో ఊహించండి. ఐరన్ కొనకి ఉండే ఉలి ఆకారపు బిట్ మొన రెండు మిల్లీమీటర్లు ఉందంటే సగం చోటు అదే తినేస్తుంది. బిట్ ఎటునుంచి వస్తోందో కనిపించక పక్కనున్న కెపాసిటర్‌ని తోసేస్తాం. ఫోకస్ లోతు కూడా రెట్లు పెరిగేకొద్దీ పలచబడుతుంది. ప్యాడ్, అంటే భాగాన్ని అతికించే రాగి చోటు, స్పష్టంగా ఉంటే దానికి కాస్త పైన ఉన్న బిట్ మసకగా కనిపిస్తుంది.

మరి ఎంత కావాలి? బోర్డంతా తిప్పి చూడటానికి, భాగాల మీది రేకు మూత (షీల్డ్) ఊడదీయడానికి 4 నుంచి 7 రెట్లు. 1.0 × 0.5 మిల్లీమీటర్లుండే 0402 భాగాలకి 8 నుంచి 12. 0.6 × 0.3 ఉండే 0201 కైనా, 0.5 మిల్లీమీటర్ల పిచ్ (ప్యాడ్ నుంచి ప్యాడ్ దూరం) ఉన్న, కాళ్లు లేని క్యూఎఫ్ఎన్ ఐసీ కైనా 12 నుంచి 15. తెగిన ట్రాక్ గీకి సన్నని జంపర్ తీగ వేయడానికి, అతికిన తీరు పరీక్షించడానికి 20. కర్మాగారాలు పాటించే ఐపీసీ-ఏ-610 ప్రమాణం కూడా ఈ దారిలోనే ఉంది. ప్యాడ్ వెడల్పు 0.25 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉంటే 7.5 నుంచి 10 రెట్లతో చూడమంటుంది, అనుమానం తేలకపోతేనే 20. అంతకన్నా సన్నని ప్యాడ్‌కి 20, తేలకపోతే 40. చేసే రెట్లు వేరు, పరీక్షించే రెట్లు వేరు అన్నమాట. 20 దగ్గర ఏ జాయింటూ అందంగా కనిపించదు. బాగున్నదాన్ని మళ్లీ మళ్లీ వేడి చేసి ప్యాడ్ లేపేసుకోవడం మైక్రోస్కోప్ కొత్తగా కొన్నవాళ్లందరికీ ఎదురయ్యే ప్రమాదం.

రెండు కళ్లతో చూడటం ఎందుకు అంత ముఖ్యమో కూడా చెప్పాలి. స్టీరియోలో కుడి కంటికీ ఎడమ కంటికీ వేర్వేరు దారుల్లో, కొద్దిపాటి కోణం తేడాతో బొమ్మ వస్తుంది. అందుకే బిట్ ప్యాడ్‌కి ఇంకా ఎంత ఎత్తులో ఉందో తాకకముందే తెలుస్తుంది. తెర మీద చూసి చేసేటప్పుడు ఈ లోతు ఉండదు. దానికి తోడు కెమెరా బొమ్మ చేతి కదలిక కన్నా కాస్త వెనకబడుతుంది. తెర చూసి పరీక్ష చేయొచ్చు, కస్టమర్‌కి చూపించొచ్చు, రోజంతా సోల్డరింగ్ చేయడం కష్టం. రిపేర్ బల్లల మీద కనిపించేవి దాదాపు అన్నీ గ్రీనో రకం, అంటే రెండు చిన్న గొట్టాలు కోణంలో పక్కపక్కనే. హొరేషియో గ్రీనో సూచన మీద జర్మనీ జైస్ కంపెనీ 1890లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒకే పెద్ద లెన్స్ ఉండే రెండో రకం ఖరీదెక్కువ. రిపేర్ పనికి గ్రీనో రకమే చాలు.

ఇక ఆర్మ్. తల ఎంత మంచిదైనా ఆర్మ్ ఊగితే అంతా వృథా. బల్ల మీద 0.1 మిల్లీమీటర్ వణుకు 20 రెట్ల దగ్గర 2 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. మామూలు స్టాండ్ కాదని ఆర్మ్ ఎందుకు పెట్టుకుంటామంటే, మైక్రోస్కోప్ కింద బల్ల ఖాళీగా ఉండాలి. బోర్డుని కిందనుంచి వేడి చేసే ప్రీహీటర్, బోర్డు హోల్డర్, పెద్ద టీవీ బోర్డు, ఏసీ ఇన్వర్టర్ బోర్డు అన్నీ అక్కడ పట్టాలి, అవసరం లేనప్పుడు తలని పక్కకి నెట్టేయాలి. ఆ సౌకర్యానికి మనం చెల్లించే ధరే ఆ వణుకు.

ఆర్మ్‌లు రెండు జాతులు. ఒకటి బూమ్: బరువైన బేస్, నిలువు పిల్లర్, దాని మీద ఒకటో రెండో అడ్డ కడ్డీలు. రెండోది స్ప్రింగ్ ఆర్మ్: బల్ల అంచుకి క్లాంపుతో బిగిస్తారు, మోచేయి లాంటి కీలు ఉంటుంది, లోపలి స్ప్రింగ్ తల బరువుని మోస్తుంది.

బూమ్ కొనేముందు బేస్ బరువు అడగండి, తర్వాత కాగితం మీద ఈ లెక్క వేయండి. బేస్ 25 సెంటీమీటర్ల చదరం, బరువు 12 కిలోలు, పిల్లర్ నడిమధ్యన ఉందనుకుందాం. ఫోకస్ హోల్డర్, కెమెరా, రింగ్ లైట్‌తో కలిపి తల 4 కిలోలు, పిల్లర్‌కి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంది. బేస్ అంచు పిల్లర్ నుంచి 12.5 సెంటీమీటర్లు కాబట్టి తల ఆ అంచుకి 37.5 సెంటీమీటర్లు బయట ఉన్నట్టు. 4ని 37.5తో గుణిస్తే 150. అటువైపు బేస్ నిలబెట్టే బలం 12 గుణించు 12.5, అదీ 150. అంటే స్టాండ్ సరిగ్గా కత్తి అంచు మీద ఉంది, అడ్డ కడ్డీ సొంత బరువు కలిస్తే పడిపోతుంది. ఇదే బేస్‌ని తిప్పి కడ్డీని మూల మీదుగా చాస్తే అంచు దూరం 17.7 సెంటీమీటర్లు దొరుకుతుంది. అప్పుడు పడేసే బలం 129, నిలబెట్టే బలం 212. కానీ ఐపీస్‌కి ముఖం ఆనించినా, మోచేయి తగిలినా ఆ మిగులు కరిగిపోతుంది. 20 కిలోల బేస్ ఉంటే ఇంత చింత ఉండదు. పిల్లర్ వెనక అంచున ఉన్న బేస్ అయితే కడ్డీని బేస్ మీదుగా ముందుకే చాచాలి, వెనక్కి తిప్పి వాడితే క్షణంలో బోల్తా పడుతుంది. కడ్డీ జారకుండా పిల్లర్ మీద ఒక సేఫ్టీ కాలర్ కూడా ఉండాలి. అది లేకపోతే మర వదులైన రోజు తల మొత్తం బోర్డు మీద, చేతి మీద పడుతుంది.

స్ప్రింగ్ ఆర్మ్‌లో గొడవ వేరే. స్ప్రింగ్ బిగువు తల బరువుకి సరిపోవాలి. వదిలేస్తే మెల్లగా కిందికి దిగుతోందంటే బిగువు తక్కువ, పైకి లేస్తోందంటే ఎక్కువ. కీలు దగ్గర అలెన్ కీతో తిప్పే మర ఉంటుంది, పావు చుట్టు చొప్పున తిప్పి చూడాలి. కెమెరా తీసినా, పెద్ద రింగ్ లైట్ పెట్టినా మళ్లీ సరిచేయాలి. ఆర్మ్‌కి ఎంత బరువు మోసే సత్తా ఉందో పెట్టె మీద రాసి ఉంటుంది. సామాను తూచే స్ప్రింగ్ త్రాసుతో తల మొత్తం తూచి, ఆ హద్దుల మధ్యన పడుతుందో లేదో చూసుకోండి. ఇంకో మాట జాగ్రత్తగా వినండి. ఆర్మ్ నుంచి తల ఊడదీసేటప్పుడు ముందు ఆర్మ్‌ని దాని పై హద్దు దాకా లేపాలి, లేదా రెండో మనిషి గట్టిగా పట్టుకోవాలి. బరువు తీసిన మరుక్షణం స్ప్రింగ్ కొరడా దెబ్బలా పైకి లేస్తుంది. ముఖం దగ్గరుంటే పళ్లు రాలతాయి.

క్లాంప్ ఏ బల్లకి బిగిస్తున్నామన్నది సగం పని. మన ప్రాంతంలో షాపు కౌంటర్లు చాలావాటికి కడప బండ పరిచి ఉంటుంది. బరువుగా ఉండటం మంచిదే, ఊగదు. కానీ అంచున ఇనుప క్లాంప్ నేరుగా బిగిస్తే బండ పెళుసు కాబట్టి పెచ్చు లేస్తుంది, ఒక్కోసారి నిలువునా పగులుతుంది. పైన ఒక రబ్బరు షీటు, కింద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కని క్లాంప్ కన్నా వెడల్పుగా పెట్టి బిగించాలి. పార్టికల్ బోర్డు బల్ల ఇంకా అధ్వానం. నెల రోజుల్లో క్లాంప్ అందులో కూరుకుపోయి ఆర్మ్ ముందుకి వాలుతుంది. దానికి పైనా కిందా 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు పెట్టి నాలుగు బోల్టులతో ఆరపార బిగించడమే మందు. వీలైతే గోడకి బిగించే రకం తీసుకోండి, ఇటుక గోడ అయితే అదే అన్నిటికన్నా నిలకడ.

బిగించాక 20 రెట్ల దగ్గర ఫోకస్ చేసి బల్లని వేలితో ఒకసారి తట్టి చూడండి. బొమ్మ సెకనులోపు నిలిస్తే బాగుంది. రెండు మూడు సెకన్లు ఊగుతూనే ఉంటే ఆర్మ్‌ని మరీ బారుగా చాచారు, లేదా ఎక్కడో కీలు వదులుగా ఉంది. కడ్డీని పది సెంటీమీటర్లు లోపలికి లాగినా తేడా తెలుస్తుంది. ఎండాకాలం మన ఊళ్లలో ఫ్యాన్ లేకుండా కూర్చోలేం, కానీ ఫ్యాన్‌ని అదే బల్లకి తగిలించకూడదు. దాని వణుకు నేరుగా బొమ్మలోకి వస్తుంది. పైన తిరిగే సీలింగ్ ఫ్యాన్ గాలి కూడా హాట్ ఎయిర్ వేడిని చెదరగొడుతుంది, ట్వీజర్‌లోంచి జారిన 0402ని ఎగరగొట్టేస్తుంది. బల్లని ఫ్యాన్ కింద నుంచి పక్కకి జరపడం మంచిది.

కళ్లకి అమర్చుకోవడం చాలామంది వదిలేసే పని. ముందు రెండు ఐపీస్‌ల మధ్య దూరం సరిచేయాలి. సాధారణంగా 55 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా కదులుతాయి, రెండు వృత్తాలు ఒకటయ్యేదాకా కదపాలి. తర్వాత ఐపీస్ మీద చూపుకి తగ్గట్టు తిప్పే వలయాలైన రెండు డయాప్టర్లనీ సున్నా మీద పెట్టి, జూమ్‌ని గరిష్ఠానికి తిప్పి, బోర్డు మీద సన్నని అక్షరం ఒకదాన్ని పెద్ద ఫోకస్ చక్రంతో స్పష్టం చేయాలి. ఇప్పుడు ఆ చక్రం ముట్టకుండా జూమ్‌ని కనిష్ఠానికి తెచ్చి, ఒక్కో కన్ను మూసి ఒక్కో డయాప్టర్ తిప్పి స్పష్టం చేయాలి. మళ్లీ గరిష్ఠానికి వెళ్లి చూసుకోవాలి. ఇలా చేశాక జూమ్ ఎటు తిప్పినా ఫోకస్ చెదరదు. ఇంత చేసినా బొమ్మ రెండుగా కనిపిస్తూ తల నొప్పి పుడితే లోపల గొట్టాలు వరుస తప్పినట్టు. ఒక చుక్కని వృత్తం మధ్యలో పెట్టి కళ్లు మార్చి మార్చి మూయండి. చుక్క ఒక కంటికి పైన, ఇంకో కంటికి కింద కనిపిస్తే ఆ తలని తిరిగి ఇచ్చేయండి. విప్పి సరిచేయడం ఇంట్లో అయ్యే పని కాదు. 0.5ఎక్స్ లెన్స్ పెడితే ఖాళీతో పాటు ఐపీస్‌లు కూడా పైకి వెళ్తాయి. మెడ చాచి చూడాల్సి వస్తోందంటే కుర్చీ ఎత్తు పెంచాలి, మోచేతుల కింద దిండు పెట్టాలి. మణికట్టు బల్ల మీద ఆననిదే 15 రెట్ల దగ్గర చెయ్యి నిలవదు.

వెలుతురుకి రింగ్ లైట్ తప్పదు. కానీ కరిగిన సోల్డర్ అద్దంలా ఉంటుంది, అందులో ఎల్‌ఈడీ వలయం మొత్తం ప్రతిఫలించి జాయింట్‌ని కప్పేస్తుంది. అప్పుడు రింగ్ తగ్గించి, పక్కనుంచి వంగే మెడ ఉన్న చిన్న లైటుని బోర్డుకి దాదాపు పడుకోబెట్టి వేయండి. లేచిన ఐసీ కాలు నీడ, పగిలిన జాయింట్ గీత వెంటనే బయటపడతాయి. క్యూఎఫ్ఎన్ అంచు చూడాలంటే మైక్రోస్కోప్‌ని వంచొద్దు, బోర్డుని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తండి.

ఇప్పుడు ఒక 0402 కెపాసిటర్ వేయడం దగ్గరగా చూద్దాం. జూమ్ 10 రెట్లు. విక్‌తో (సోల్డర్ పీల్చే రాగి అల్లికతో) రెండు ప్యాడ్లూ శుభ్రం చేసి, సోల్డర్ బాగా పాకేలా చేసే ఫ్లక్స్ పూసి, ఒక ప్యాడ్ మీద మాత్రం పలచగా సోల్డర్ పెట్టాలి. సీసం కలిసిన 63/37 సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బిట్ 320 నుంచి 340 చాలు. సీసం లేని ఎస్ఏసీ305కి 217 డిగ్రీల నుంచి మొదలు, బిట్ 350 నుంచి 370 ఉండాలి. ఎడమ చేతి ట్వీజర్‌తో కెపాసిటర్‌ని ప్యాడ్ పక్కనే బోర్డుకి ఆనించి పట్టుకోండి. బిట్ పక్కనుంచి వచ్చి ప్యాడ్‌ని తాకగానే ఫ్లక్స్ బుడగలు కక్కుతుంది, మరుక్షణం గరుకుగా ఉన్న సోల్డర్ ఒక్కసారిగా మెరుపెక్కుతుంది. ఆ మెరుపు కనిపించిన క్షణంలోనే కెపాసిటర్‌ని లోపలికి జరపాలి. సోల్డర్ దాని లోహపు కొనమీద పైకి పాకడం కళ్లారా కనిపిస్తుంది. పాకకుండా ఉండలా నిలిచిందంటే కొన వేడెక్కలేదు, లేదా మురికిగా ఉంది. బిట్ తీసి, మెరుపు గడ్డకట్టేదాకా ట్వీజర్ కదపకూడదు. రెండో ప్యాడ్‌కి 0.3 మిల్లీమీటర్ల సోల్డర్ తీగ వాడండి, 0.8 తీగతో ముద్ద పడుతుంది. బిట్ తీసేటప్పుడు ముల్లులా లేచిందంటే ఫ్లక్స్ ఆవిరైపోయింది, మళ్లీ పూసి తాకితే సర్దుకుంటుంది. సీసం లేని సోల్డర్ ఆరాక సహజంగానే మసకగా ఉంటుంది, మెరవలేదని మళ్లీ కాల్చొద్దు. అంచులు ప్యాడ్ మీద పలచగా పరుచుకున్నాయా అన్నదే చూడాలి.

క్యూఎఫ్ఎన్‌లో ఎక్కువగా తప్పేది మధ్య గ్రౌండ్ ప్యాడ్. అక్కడ సోల్డర్ ఎక్కువైతే ఐసీ పడవలా తేలుతుంది, అంచు ప్యాడ్లు తగలవు. హాట్ ఎయిర్ కింద అంతా కరిగాక ట్వీజర్ మొనతో ఐసీని వెంట్రుకవాసి తోయండి. తనంతట తాను వెనక్కి వచ్చి కూర్చుంటే పట్టుకున్నట్టే. తోసిన చోటే ఉండిపోతే వేడి గానీ ఫ్లక్స్ గానీ చాలలేదు. అటూ ఇటూ ఊగుతుంటే మధ్యలో సోల్డర్ ఎక్కువ, తీసి విక్‌తో తగ్గించాలి.

కెమెరా కావాలంటే మూడో గొట్టం ఉన్న తల కొనాలి, దానిలోనూ సైమల్ ఫోకల్ అన్నదే అడగాలి. మామూలు రకంలో మీట లాగితే కెమెరాకి వెళ్లే కాంతి ఒక కంటి నుంచి పూర్తిగా పోతుంది, లోతు పోతుంది. సైమల్ ఫోకల్‌లో ఆ కాంతిని పంచుతుంది కాబట్టి రికార్డు చేస్తూనే రెండు కళ్లతో పని చేయొచ్చు. కెమెరా కింద తగ్గింపు లెన్స్ సెన్సర్‌కి తగ్గట్టు ఉండాలి: అరంగుళం సెన్సర్‌కి 0.5ఎక్స్, 1/3 అంగుళానికి 0.35ఎక్స్. పెట్టె మీద 48 మెగాపిక్సెల్ అని ఉన్నా హెచ్‌డీఎంఐ 1080పీలో తెరకి వచ్చేది 20.7 లక్షల పిక్సెళ్లే. కంటికి స్పష్టంగా ఉండి తెర మీద ఎంతకీ ఫోకస్ కాకపోతే సీ మౌంట్, సీఎస్ మౌంట్ అనే రెండు కెమెరా బిగింపుల మధ్య పెట్టే 5 మిల్లీమీటర్ల రింగు మరిచిపోయారేమో చూడండి.

పొగ గురించి తేలిగ్గా తీసుకోవద్దు. మైక్రోస్కోప్ మీద వంగినప్పుడు ముఖం సరిగ్గా పొగ లేచే దారిలో ఉంటుంది. ఫ్లక్స్ లోని రోజిన్ పొగ ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం రావచ్చని వృత్తి వైద్యంలో స్థిరపడిన విషయం. పొగ లాగే ఫ్యాన్ మూతిని బోర్డు పక్కన పది పదిహేను సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి, వేరే స్టాండు మీద. ఆ పొగే కింది లెన్స్ మీద జిగురు పొరలా పేరుకుంటుంది. మైక్రోస్కోప్ మసకబారిందని చాలామంది అనుకునేది ఈ పొరే. 0.5ఎక్స్ లెన్స్ తల సొంత లెన్సుకి కవచంలా కూడా పనిచేస్తుంది. ముందు గాలి బల్బుతో దుమ్ము ఊది, లెన్స్ కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి మధ్య నుంచి అంచుకి తుడవండి. ద్రవాన్ని నేరుగా లెన్స్ మీద పోయొద్దు. బోర్డు కడిగే థిన్నర్, పెట్రోల్ దీని దరికి రానివ్వొద్దు, రంగు పోతుంది, లెన్సుల మధ్య అతుకు దెబ్బతింటుంది.

మన వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన. షాపు కొన్నాళ్లు మూసి ఉంటే లోపలి లెన్సుల మీద సాలెగూడు లాంటి బూజు పడుతుంది, అది గాజు పూతని తినేస్తుంది, తుడిస్తే పోదు. ఆ మూడు నెలలూ రాత్రిపూట తలని ఆర్మ్ నుంచి తీసి (పైన చెప్పినట్టు ఆర్మ్‌ని లేపే తీయాలి), మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. రోజూ తీయడం కుదరకపోతే తలకి ప్లాస్టిక్ తొడుగు వేసి లోపల సిలికా జెల్ సంచులు వేలాడదీయండి. రంగు మారే రకమైతే నీలం గులాబీ అయిన రోజున ఆరబెట్టి మళ్లీ పెట్టొచ్చు.